తాతయ్య లెక్క పుస్తకం

పాఠ పరిచయం: రాజుల గురించి, దేశనాయకుల గురించి, శాస్త్రజ్ఞుల గురించి మనం పాఠాలలో చదువుతుంటాం. పేరు ప్రతిష్ఠలు లేకపోయినా జీవితమంతా కష్టపడి ఒక కుటుంబాన్ని నిలబెట్టినవారు మన ఇళ్లలోనే ఉంటారు. సోలాపూర్ నేతపేటలో పుట్టి, అక్కడే 89 ఏళ్లు బ్రతికిన ఒక నేతపనివానిని ఆయన మనుమరాలు ఈ పాఠంలో తలచుకొంటున్నది.

మా తాతయ్య పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో మా పేటలో పుట్టిన తేదీ రాసి పెట్టుకొనేవారు లేరు. ఎవరైనా వయస్సు అడిగితే ఆయన నవ్వి, "సోలాపూర్‌లో మార్షల్ లా పెట్టిన నాడు నేను మా అవ్వ చంకల ఉన్న. అక్కడినుంచి లెక్క పెట్టుకోండి" అనేవారు.

ఆ మార్షల్ లా సంగతి మన జిల్లా పిల్లలందరికీ తెలియవలసినది. 1930 మే నెలలో గాంధీజీని బ్రిటిష్ ప్రభుత్వం అరెస్టు చేసింది. ఆ వార్త వినగానే సోలాపూర్ మిల్లు కార్మికులు, వ్యాపారులు, సామాన్య ప్రజలు వీథుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఊరు ప్రభుత్వం చేయి దాటిపోయింది. అప్పుడు ప్రభుత్వం సైన్యాన్ని దింపి మార్షల్ లా విధించింది. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్ అనే నలుగురిని 1931 జనవరి 12న పుణె ఎరవాడ జైలులో ఉరి తీశారు. వారి జ్ఞాపకంగానే సోలాపూర్‌లో చార్ హుతాత్మా చౌక్ ఉన్నది. సైనికులు వీథుల్లో తిరుగుతున్నప్పుడు మా తాతయ్య తల్లి ఏడాది బిడ్డను చంకన వేసుకొని, తలుపు గడియ పెట్టుకొని కూర్చున్నదట. ఆ లెక్కన ఆయన 1929లో పుట్టారని మేము అనుకొంటాం.

మా పెద్దలు సోలాపూర్‌వారు కారు. తెలంగాణలోని కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చారు. వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి కూడా వేలాది పద్మశాలి కుటుంబాలు ఇలాగే వచ్చాయి. అప్పట్లో ఆ ప్రాంతాలన్నీ నిజాం పాలనలో ఉండేవి. మిల్లు బట్ట రావడంతో పల్లెల్లో నేసిన బట్టకు గిరాకీ తగ్గింది. ఒక ఏడు వాన లేకపోతే కొనేవాడే ఉండేవాడు కాదు. సోలాపూర్‌లో 1877లోనే బట్టల మిల్లు మొదలైంది. ఊరివారు దానిని జూనీ మిల్లు అనేవారు. ఆ తరువాత మరికొన్ని మిల్లులు వచ్చాయి. మిల్లులో పని దొరికేది. మిల్లు నూలు కొని ఇంట్లో మగ్గం వేసుకొన్నా కడుపు నిండేది. 1874 నాటికే వాడి నుంచి సికిందరాబాదుకు రైలుమార్గం పడింది. అందువల్ల అంత దూరం కూడా పెద్ద దూరంగా తోచలేదు. మా ముత్తాత ఒక మూటలో బట్టలు, ఇంకో మూటలో నాడె, కండెలు కట్టుకొని రైలెక్కారట. మగ్గం అక్కడ చేయించుకోవచ్చు గాని, చేతికి అలవాటైన నాడె దొరకదు అని ఆయన అన్నారట.

ఆ విధంగా ఊరికి తూర్పు వైపున సాఖర్ పేఠ, భవానీ పేఠ వంటి పేటలు తెలుగు మాటతో నిండిపోయాయి. మా వాళ్లు ఒక వాడాలో ఒక గది అద్దెకు తీసుకొన్నారు. ఆ వాడాలో పది కుటుంబాలుండేవి. నీటి కుళాయి ఒక్కటే. పొరుగున కన్నడం మాట్లాడేవారు, మరాఠీవారు, ఉర్దూ మాట్లాడేవారు ఉండేవారు. ఇంట్లో తెలుగు, కుళాయి దగ్గర కన్నడం, బజారులో మరాఠీ. మా తాతయ్యకు అక్షరం రాదు గాని నాలుగు భాషల్లో మాట వచ్చు.

ఏడెనిమిదేళ్ల వయస్సులోనే తాతయ్య రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టేవారు. బడికి వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పదిహేనో ఏట ఆయన తండ్రి జ్వరంతో చనిపోయారు. ఇంట్లో తల్లి, ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. తండ్రి కూర్చున్న గుంటమగ్గంలో పదకొండో నాటి తరువాత కొడుకు కూర్చున్నాడు. "గుంటలో దిగినప్పుడు నా కాళ్లు తొక్కుడు పలకలకు సరిగ్గా అందలేదు బిడ్డా. పీట కింద ఇటుక పెట్టుకున్న" అని ఆయన నాకు చెప్పారు. ఆ ఇద్దరు తమ్ముళ్లను పెంచి, చెల్లెలి పెళ్లి చేసిన తరువాతనే ఆయన తన పెళ్లి మాట ఎత్తనిచ్చారు. 1948లో నిజాం రాజ్యంలో అలజడి పెరిగినప్పుడు సరిహద్దు దాటి చాలామంది సోలాపూర్ వచ్చి తల దాచుకొన్నారు. మా ఒక్క గదిలో ఆ నెలల్లో పద్నాలుగు మంది ఉన్నారట. ఆ ఏడు సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయిన తరువాత వారు తమ ఊళ్లకు వెళ్లారు. అందరికీ జొన్నరొట్టెలు సరిపోవడానికి తాతయ్య రాత్రి దీపం పెట్టుకొని కూడా నేసేవారు.

తరువాత కాలం మారింది. చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చాయి. తాతయ్య ఇంటి మగ్గం విడిచి ఒక కారఖానాలో చేరారు. అక్కడ చాదర్లు నేసేవారు. సోలాపూర్ చాదరు పేరు మీరందరూ విని ఉంటారు. దానిని ఒకసారి తిరగేసి చూడండి. ఒకవైపు ఎర్రని నేల మీద తెల్లని నెమలి ఉంటే, రెండోవైపు తెల్లని నేల మీద ఎర్రని నెమలి ఉంటుంది. పైన అద్దిన బొమ్మ అయితే ఇలా రాదు. ఇది నేతలోనే పుట్టిన బొమ్మ.

దీనిని నేసే ఉపాయం జకార్డు. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ దీనిని 1804 ప్రాంతంలో రూపొందించాడు. మగ్గం పైన వరుసగా కుట్టిన అట్టలుంటాయి. ఆ అట్టలకు రంధ్రాలుంటాయి. రంధ్రం ఉన్న చోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. రంధ్రం లేని చోట పోగు కిందనే ఉంటుంది. లేచిన పోగుల కింది నుంచి నాడె పేకను తీసుకొని దూసుకుపోతుంది. తరువాత ఇంకో అట్ట, ఇంకో పేక. ఇలా వేలసార్లు జరిగితే ఒక చాదరు. తొలినాటి కంప్యూటర్లకు లెక్కలు అందించడానికి కూడా ఇలాంటి రంధ్రాల అట్టలనే వాడారు. తాతయ్యకు ఆ సంగతి తెలియదు. కాని అట్టల వరుసలో ఒక్క అట్ట తారుమారైతే నెమలి మెడ ఎక్కడ వంకర తిరుగుతుందో ఆయన చూడగానే చెప్పేవారు.

మగ్గం తనంతట తాను నడుస్తుంది గదా, మనిషి చేసేదేముంది అని కొందరు అడుగుతారు. పోగు తెగితే వెంటనే మగ్గం ఆపాలి. తెగిన పోగును వెదికి పట్టుకొని ముడి వెయ్యాలి. ఆ ముడి బట్ట మీద కనిపించరాదు. కండె అయిపోకముందే కొత్త కండె మార్చాలి. పన్నెండు గంటలు నిలబడే పని. దూది ధూళి కళ్లలోను, ముక్కులోను పడుతుంది. డజన్ల కొద్దీ మగ్గాలు ఒక్కసారి నడిచే చోట పక్క మనిషి మాట వినిపించదు. అందుకే పనివారు చేతి సైగలతో మాట్లాడుకొంటారు. అలా ముప్పై ఏళ్లు నిలబడ్డ తాతయ్యకు చివరికి చెవులు సరిగ్గా వినిపించేవి కావు. ఇంట్లో కూడా ఆయన సైగలే చేసేవారు. రెండు వేళ్లు ఆడిస్తే "పోగు తెగింది" అని అర్థం. ఎవరైనా అలిగి కూర్చుంటే ఆయన ఆ సైగ చేసి, వెంటనే ముడి వేసినట్టు చూపించేవారు. అలిగినవారికి నవ్వు వచ్చేది.

తాతయ్య ఒక్కరి సంపాదనతో ఇల్లు గడిచేది కాదు. మా నాయనమ్మ బీడీలు చుట్టేది. మా పేటలో ఏ గడపలో చూసినా ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవారు కనిపించేవారు. కారఖానా నుంచి తునికాకు, పొగాకు, దారం తెచ్చుకోవాలి. ఆకును తడిపి, కొలత రేకు పెట్టి కత్తిరించాలి. పొగాకు వేసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి అప్పగిస్తేనే పూర్తి కూలి. బాగా లేవని కొన్ని తీసి పారేసేవారు. ఆ నష్టం చుట్టినవారిదే. నాయనమ్మ బొటనవేలి గోరు ఎప్పుడూ అరిగిపోయి ఉండేది.

తాతయ్యకు ముగ్గురు పిల్లలు. పెద్దత్త, మా బాపు, చిన్నత్త. ముగ్గురినీ తెలుగు బడిలో వేశారు. పెద్దత్త చదువులో చురుకైనది. ఎక్కాలు తప్పు లేకుండా చెప్పేది. మరాఠీ కూడా చక్కగా చదివేది.

1972లో మహారాష్ట్రలో పెద్ద కరువు వచ్చింది. మన జిల్లాలో వానలే లేవు. రైతులు పశువులను అమ్ముకొని, ప్రభుత్వం చేపట్టిన రాళ్లు కొట్టే పనులకు, చెరువు పనులకు వెళ్లారు. రేషను దుకాణంలో అమెరికా నుంచి తెప్పించిన ఎర్రజొన్నలు ఇచ్చేవారు. రైతు చేతిలో డబ్బు లేకపోతే చాదరు కొనేదెవరు? తాతయ్య పనిచేసే కారఖానా వారానికి మూడు రోజులే నడిచేది. కూలి సగమైంది. ఇంటి అద్దె మాత్రం సగం కాలేదు.

ఒకనాటి రాత్రి నాయనమ్మ, తాతయ్య చాలాసేపు మాట్లాడుకొన్నారు. మరునాడు పెద్దత్త బడికి వెళ్లలేదు. అప్పుడామెకు పదకొండేళ్లు. ఐదో తరగతి. పలక, పుస్తకాలు అటక మీదికి వెళ్లాయి. ఆమె ఒడిలోకి బీడీల చాట వచ్చింది. "ఈ కరువు పోనీ బిడ్డా, మళ్లీ బడికి పోదువుగాని" అని తాతయ్య అన్నారు. కరువు పోయింది. కాని పెద్దత్త మళ్లీ బడికి వెళ్లలేదు. అప్పటికి ఆమె చేయి వేగం పట్టింది. ఆ కూలి లేకుండా ఇల్లు గడవదని అందరికీ అలవాటైపోయింది.

ఐదేళ్లు గడిచాయి. 1977లో ఒక పగారు రోజున తాతయ్య చిట్టీ తెచ్చి గూట్లో పెట్టారు. ఎన్ని చాదర్లు నేసినది, ఎంత కూలి వచ్చినది ఆ చిట్టీలో మరాఠీలో రాసి ఉండేది. ఎప్పుడూ ఎవరూ దానిని చదివేవారు కారు. ఇచ్చిన డబ్బు తీసుకోవడమే. ఆ రోజు పెద్దత్త బీడీలు చుడుతూ ఊరికే దానిని చేతిలోకి తీసుకొని చదివింది.

"బాపూ, ఈ వారం ఎన్ని నేసినవు?" అని అడిగింది.

తాతయ్య ఎన్ని నేశారో చెప్పారు. ఆయన ప్రతి చాదరుకూ మగ్గం గుంజ మీద బొగ్గుతో ఒక గీత పెట్టేవారు.

"ఇందుల రెండు తక్కువున్నయి" అన్నది పెద్దత్త.

మరునాడు తాతయ్య చిట్టీ తీసుకొని వెళ్లి గుంజ మీది గీతలు చూపించారు. లెక్క రాసినవాడు పొరపాటు పడ్డానని ఒప్పుకొని రెండు చాదర్ల కూలి ఇచ్చాడు. ఆ డబ్బుతో తాతయ్య ఇంటికి వస్తే నాయనమ్మ సంతోషించింది. తాతయ్య సంతోషించలేదు. అన్నం ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నారట. చివరికి, "నేను ఎవరిని బడి మానిపించిన్నో, ఆ బిడ్డే ఇయ్యాల నా కూలి నిలబెట్టింది. ఇన్నేండ్లల్ల ఇంకెన్ని చిట్టీలు ఇట్ల పోయినయో!" అన్నారు.

ఆ రాత్రే ఆయన పెద్దత్తను పిలిచి, "నాకు అక్షరాలు చెప్పు" అన్నారు. ఆయనకు అప్పుడు నలభై ఎనిమిదేళ్లు. పెద్దత్త అటక మీది పలక దింపింది. ఆమె చెప్పిన తీరు మా ఇంట్లో ఇప్పటికీ అనుకొంటాం. క అంటే కండె. న అంటే నాడె. ప అంటే పడుగు. మ అంటే మగ్గం. పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఏరే చేతికి అక్షరాలు లొంగడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆరు నెలల్లో తాతయ్య తన చిట్టీ తాను చదువుకొన్నారు. ఒక లెక్క పుస్తకం కొని, ఎన్ని చాదర్లు నేసినది, ఎంత వచ్చినది, ఎంత ఖర్చైనది ప్రతి రాత్రి రాసుకోసాగారు.

మరుసటి ఏడు చిన్నత్త ఐదో తరగతికి వచ్చింది. ఇప్పుడు ఈమెను కూడా బీడీలకు కూర్చోబెడదామన్నది నాయనమ్మ. ఆమెది చెడ్డ మనసు కాదు. పెద్దత్త పెళ్లి దగ్గర పడుతున్నది. "వెయ్యి బీడీలు ఒక్క చేతితో అయితయా? పెద్దది అత్తగారింటికి పోతే ఇల్లెట్ల నడుస్తది?" అని ఆమె బాధ.

తాతయ్య ఆమెను కోప్పడలేదు. "నువ్వన్నది నిజమే. కాని తప్పు ఒక్కసారి చేసిన. అప్పుడు తెలువలేదు. ఇప్పుడు తెలిసి చేస్తే నన్ను నేను మన్నించుకోలేను" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. ఆ తగ్గే కూలి ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూశారు. సెలవు రోజున ఇంకో చోట పడుగు పట్టే పనికి కుదిరారు. టీ, తాంబూలం మానేశారు. మధ్యాహ్నం డబ్బాలో జొన్నరొట్టె, పల్లీల కారం తప్ప కూర తీసుకువెళ్లడం మానేశారు. పదేళ్లపాటు ఆయనకు సెలవు రోజంటూ లేదు. చిన్నత్త చదువు పూర్తి చేసి బడిపంతులమ్మ అయింది. మా బాపు ఐ.టి.ఐ. చదివి ఉద్యోగంలో చేరారు. చిన్నత్త పుస్తకాలు తెచ్చిన ప్రతిసారీ పెద్దత్త రాత్రిపూట వాటిని చదివేది. పెళ్లి అయ్యేవరకు అలాగే చదివింది.

నేను పుట్టేనాటికి తాతయ్యకు అరవై దాటింది. డెబ్బై ఏళ్ల వరకు ఆయన మగ్గం దగ్గర నిలబడ్డారు. ఆ తరువాత నన్ను బడికి తీసుకువెళ్లడం ఆయన పని అయింది. దారిలో నా చేయి పట్టుకొని, దుకాణాల బోర్డులు పైకి చదువుతూ నడిచేవారు. తప్పు చదివితే నేను దిద్దేదానిని. ఆయన ఆగి, మళ్లీ సరిగ్గా చదివిన తరువాతనే ముందుకు నడిచేవారు.

శ్రావణ పూర్ణిమ నాడు మార్కండేయ స్వామి రథోత్సవానికి తప్పకుండా తీసుకువెళ్లేవారు. ఆ రోజు పద్మశాలీలు కొత్త జంధ్యం వేసుకొంటారు. సంక్రాంతికి సిద్ధేశ్వర స్వామి గడ్డా జాతర. ఏ ఉత్సవానికి వెళ్లినా ఆయన చూపు జనం భుజాల మీది బట్ట మీదనే ఉండేది. చలికి చాదరు కప్పుకొన్నవాడు కనిపిస్తే దగ్గరికి వెళ్లి, అంచు పట్టుకొని చూసి, నా వైపు తిరిగి తల ఊపేవారు. "నువ్వు నేసిందేనా తాతా?" అని నేను అడిగేదానిని. "ఎవరు నేసిండో బట్ట మీద రాసి ఉండదు బిడ్డా. మంచిగ నేసిండు. అది చాలు" అనేవారు.

ఒకప్పుడు మిల్లు భోంగా కూతతోనే మా ఊరు నిద్ర లేచేది. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. భోంగా ఆగిపోయింది. అయినా తాతయ్య ఆ వేళకే లేచి కూర్చునేవారు. 2005-06లో సోలాపూర్ చాదరుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరుతో ఇంకో ఊరివారు చాదర్లు అమ్మరాదని దాని అర్థం. పత్రికలో ఆ వార్తను తాతయ్య తానే కూడబలుక్కొని చదివారు. చదివి, "ఊరికి పేరొచ్చింది. నేసినోనికి పగారు పెరిగితే ఇంకా మంచిది" అన్నారు.

2018లో, ఒక చలికాలం తెల్లవారుజామున, ఆయన లేచి కూర్చునే వేళకు లేవలేదు. మనకు తెలిసిన లెక్క ప్రకారం 89 ఏళ్లు.

పెద్దకర్మ అయిన తరువాత బాపు ఆయన ఇనుప పెట్టె తెరిచారు. అందులో ముత్తాత తెచ్చిన నాడె, ఒక చాదరు, లెక్క పుస్తకాల కట్ట ఉన్నాయి. మొదటి పుస్తకం అట్ట ఊడిపోయి ఉన్నది. దాని చివరి పుటల్లో బాకీలు రాసి ఉన్నాయి. కిరాణా దుకాణానికి ఇవ్వవలసినది. ఆసుపత్రి ఖర్చుకు తెచ్చినది. చిన్నబిడ్డ ఫీజుకు తెచ్చినది. తీర్చిన ప్రతి బాకీ మీద అడ్డంగా ఒక గీత ఉన్నది. ఒక్క వరుస మీద మాత్రం గీత లేదు. వంకర అక్షరాలలో ఇలా ఉన్నది: "పెద్దబిడ్డకు సదువు". దాని ఎదుట డబ్బు అంకె ఏదీ లేదు.

బాపు ఆ పుట పెద్దత్తకు ఇచ్చారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివింది. నలభై ఏళ్ల కిందటి వరుస అది. ఆ బాకీ గురించి తాతయ్య ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదట.

"కొట్టెయ్యి అక్కా. బాపు మనసు చల్లబడుతది" అని మా బాపు కలం అందించారు.

పెద్దత్త కలం తీసుకోలేదు. "ఎట్ల కొట్టేస్తనురా? అది తీరే బాకీ కాదు. బాపుకు కూడా తెలుసు, అందుకే కొట్టెయ్యలేదు. కాని మరిచిపోలేదు సూడు. అది చాలు నాకు" అన్నది. కొంతసేపటికి మళ్లీ ఆ వరుస చూసి, కళ్లు తుడుచుకొంటూ నవ్వింది. "సదువు అని రాసిండు. చదువు అని ఎన్నిసార్లు దిద్దిచ్చినో!"

ఆ పుస్తకం ఇప్పుడు పెద్దత్త దగ్గరనే ఉన్నది. ఆమె తన ఇద్దరు కూతుళ్లలో ఎవరినీ బడి మానిపించలేదు. చాదరు మా ఇంట్లో ఉన్నది. చలికాలంలో నేను దానిని కప్పుకొంటాను. అప్పుడప్పుడు తిరగేసి చూస్తాను. ఎన్ని పోగులు తెగి ఉంటాయో, ఆయన ఎన్ని ముడులు వేసి ఉంటారో నాకు తెలియదు. వెదికినా ఒక్కటీ కనిపించదు.

పదాలు – అర్థాలు

పడుగు : మగ్గం మీద నిలువుగా ఉండే పోగులు
పేక : పడుగుకు అడ్డంగా వేసే పోగు
నాడె : పేక పోగును పడుగులో అటూ ఇటూ తీసుకుపోయే పనిముట్టు
కండె : నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న గొట్టం
గుంటమగ్గం : గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుని నేసే చేతిమగ్గం
పగారు : జీతం, కూలి
భోంగా : మిల్లులో వేళ తెలిపే కూత
బాకీ : ఇవ్వవలసిన అప్పు

అభ్యాసము

అ) ఈ క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. తాతయ్య తన వయస్సును ఏ సంఘటనతో లెక్కపెట్టేవారు? ఆ సంఘటనను వివరించండి.
2. తెలంగాణ నేతపనివారు సోలాపూర్‌కు ఎందుకు వలస వచ్చారు?
3. జకార్డు మగ్గంలో అట్టల మీది రంధ్రాలు ఏ పని చేస్తాయి?
4. పెద్దత్త చిట్టీ చదవడం వల్ల తాతయ్య జీవితంలో వచ్చిన మార్పు ఏమిటి?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు వివరంగా జవాబులు రాయండి.
1. చిన్నత్త చదువు విషయంలో నాయనమ్మ మాటలో ఉన్న నిజమేమిటి? తాతయ్య ఆ కష్టాన్ని ఎలా తీర్చారు?
2. పెద్దత్త ఆ వరుసను ఎందుకు కొట్టివేయలేదు? ఆమె చేసినది సరియైనదేనా? మీ అభిప్రాయం రాయండి.

ఇ) ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు?
1. "ఇందుల రెండు తక్కువున్నయి."
2. "మంచిగ నేసిండు. అది చాలు."

ఈ) చేయండి.
మీ ఇంట్లో లేదా మీ వాడలో అందరికన్నా పెద్దవారిని కలిసి, వారు మొదట చేసిన పని ఏమిటో, ఆ పనికి వాడిన పనిముట్ల పేర్లేమిటో అడిగి రాసుకొని, తరగతిలో చదివి వినిపించండి.